దారం కొస

గురవరాజుకి యువత కావాలి. అర్జెంటుగా కావాలి. నలభై మందికి తగ్గకుండా, సంతకాలతో సహా కావాలి.

అతను మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజరు. ఇరవై రెండేళ్ల సర్వీసులో అతన్ని ప్లాను పాసు చెయ్యమని అడిగినవాళ్లున్నారు, పక్కింటివాడి ప్లాను పాసు చెయ్యొద్దని అడిగినవాళ్లున్నారు, కాస్త చూసీ చూడనట్టు పొమ్మని అడిగినవాళ్లూ ఉన్నారు. యువతని తెమ్మని మాత్రం ఎవరూ అడగలేదు. కొత్తగా వచ్చిన కమిషనరమ్మ అడిగింది.

సంగతి సున్నపుబట్టీల పేటలోని ఖాళీ జాగా గురించి. ఒకప్పుడు అక్కడ సున్నం కాల్చేవాళ్లు. బట్టీలు ఆరిపోయి ముప్ఫై ఏళ్లయింది. ఎకరం నేల, ఒక మొండిగోడ, ఒక వీధిదీపం మిగిలాయి. పేటలో పిల్లలు కాలు చాపుకోడానికి ఉన్నది ఆ ఒక్క ఎకరమే. దాన్ని లారీల స్టాండుకి ఇవ్వమని ఒక ఫైలు, పార్కు చెయ్యమని ఇంకో ఫైలు కమిషనరమ్మ బల్ల మీద పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. పార్కు ఫైలు గురవరాజుది.

"సోమవారం పొద్దున తొమ్మిదింటికి నేనే వస్తాను," అందావిడ. "పార్కు కావాలో అక్కర్లేదో ఆ పేట పిల్లలు నాకు చెప్పాలి. మీరు చెప్పకూడదు. వాళ్లు నోరు విప్పకపోతే లారీల ఫైలు మీద సంతకం పెట్టేస్తాను."

"చెప్తారు మేడమ్. వాళ్లకి ఈ పార్కంటే ప్రాణం," అన్నాడు గురవరాజు.

ఆ పార్కు సంగతి వాళ్లకి ఇంకా తెలియదు.

బుధవారం పొద్దున పదకొండింటికి పేట కమ్యూనిటీ హాల్లో యువజన సలహా సదస్సు పెట్టాడు. బుధవారం పదకొండింటికి చదువుకునేవాళ్లు కాలేజీలోనూ పనికి పోయేవాళ్లు పనిలోనూ ఉంటారన్న సంగతి, బ్యానరు కట్టేశాక తోచింది. అప్పటికప్పుడు హైస్కూలు డ్రిల్లు మాస్టారి గడ్డం పట్టుకుంటే, ఆయన తొమ్మిదో తరగతిని వరసలో నడిపించుకొచ్చి కుర్చీల్లో నింపాడు. అందులో పేట పిల్లలు నలుగురో అయిదుగురో.

గురవరాజు తన ప్లాను గోడకి తగిలించి ముప్పావుగంట వివరించాడు. గులాబీ తోట. మధ్యలో ఫౌంటెను. గుండ్రంగా నడకదారి. చుట్టూ ఏడడుగుల గోడ.

"ఇప్పుడు మీ సలహాలు చెప్పండి. భయపడకండి. నన్ను మీ అన్నయ్య అనుకోండి."

పైన ఫ్యాను తప్ప ఎవరూ మాట్లాడలేదు.

"ఎవరైనా ఒక్కరు లేవండి నాన్నా."

వెనక వరసలో ఒకడు లేచాడు. గురవరాజుకి ప్రాణం లేచొచ్చింది.

"అంకుల్, సమోసా మనిషికి ఒకటేనా?"

సంతకాలు నలభై రెండొచ్చాయి. నోరు ఒక్కటి వచ్చింది, అదీ సమోసా కోసం.

గురవరాజు నవ్వుకుందామని చూశాడు గానీ నవ్వు రాలేదు. ఇది అతనికి రెండో పార్కు. మొదటిది మూడేళ్ల కిందట అదే పేట చివర కట్టించాడు. గడ్డి మీద నడవరాదు, పూలు కోయరాదు, ఆడరాదు అని మూడు బోర్డులు, ఒక సిమెంటు కొంగ, గేటుకి తాళం. ఏడాది తిరక్కుండానే కొంగ ముక్కు విరిగింది. ఆ తర్వాత ఎవరూ విరగ్గొట్టడానికి కూడా రాలేదు. దాన్ని పేటలో 'రాజుగారి జైలు' అంటారు. ఆ పేరు పెట్టింది తన సొంత మేనల్లుడే అన్నది ఇంకో బాధ.

ఈసారి జాగా లారీల కిందికి పోతే, ఆ పిల్లలకి మిగిలేది రాజుగారి జైలే. అందులోకి శిక్ష పడ్డవాడు కూడా పోడు.

శనివారం సాయంత్రం అతని కాళ్లు దర్గా వైపు లాగాయి.

దర్గా వరండాలో ఉండే సుభానీ బాబాకి డెబ్బై ఎనిమిదేళ్లు. వరండా ఊడుస్తాడు, వచ్చినవాళ్లు చెప్పుకునేది వింటాడు, చాలావరకు ఊరుకుంటాడు. బాబా కాకముందు ఆయన మేస్త్రి. ఇల్లు కట్టేముందు నేల మీద మేకులు కొట్టి, దారం లాగి, దాని వెంట ముగ్గు పోసి పునాది గీతలు గీస్తారే, అందులో చెయ్యి తిరిగినవాడు. ఊళ్లో సగం ఇళ్లు మొదట ఆయన వేళ్ల సందుల్లోంచి నేల మీదికి జారినవే.

ఇరవై ఏళ్ల వయసులో గురవరాజు ఆయన దగ్గర పనిలో చేరాడు. రెండేళ్లపాటు బాబా అతని చేత దారం కొస పట్టించాడు. ముగ్గుడబ్బా ముట్టుకోనివ్వలేదు. కుర్రతనం కదా, నేను చెప్తే ఏం, నేను పోస్తే ఏం అని గురవరాజు గింజుకునేవాడు. "దారం పట్టేవాడికి నోరుండదురా. బిగువుగా పట్టుకోవడం, పొమ్మన్న చోటికి పోవడం. అదే వాడి పని," అనేవాడు బాబా. మూడో ఏడు డబ్బా చేతికొచ్చింది. నాలుగో ఏడు పరీక్ష రాసి గురవరాజు ఆఫీసులో పడ్డాడు. అప్పట్నుంచి దారమూ లేదు, ముగ్గూ లేదు. కానీ తల బొప్పి కట్టినప్పుడల్లా వచ్చి ఈ వరండాలో కూలబడతాడు.

"బాబా, ఈ కాలం పిల్లలకి నోరు లేదు."

"లేదూ?" అన్నాడు బాబా. "నిన్న సాయంత్రం ఆ బట్టీల దగ్గర్నుంచి వాళ్ల కేకలకి నా నమాజు లెక్క తప్పిందే."

"అది ఆట బాబా. నేననేది సలహా. సదస్సు పెట్టాను, సమోసాలు పెట్టాను, అన్నయ్యననుకోమన్నాను. ఒక్కడూ పలకలేదు. ఎల్లుండి ఆవిడ వస్తుంది. అప్పుడూ ఇలాగే నిలబడితే జాగా లారీల పాలు. వీళ్ల నోరెలా విప్పించాలో చెప్పండి. ఒక్క మాట చాలు."

బాబా చీపురు కట్ట నేలకేసి రెండుసార్లు తట్టి సమంగా చేసుకున్నాడు.

"మీ ఆఫీసులో ముగ్గు ఉందా?"

"ఉంది. రెండు మూటలు."

"రేపు తెల్లవారేసరికి బట్టీల దగ్గరికి పట్రా. నీ ప్లానూ పట్రా. పాత చెప్పులేసుకో."

బాబా ఏదో చదివి ఆ ముగ్గు మీద ఊదుతాడు కాబోలనుకున్నాడు గురవరాజు. అలా ఊదిన ముగ్గు చిటికెడు చిటికెడు ఆ పిల్లల నెత్తిన చల్లాలేమో. చల్లడానికి అతను సిద్ధంగానే ఉన్నాడు. చదువుకున్నవాడు గనక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం తెల్లవారుతుండగా మూటలు దించేసరికి బాబా అక్కడే ఉన్నాడు. చంకలో దర్గా చీపురు, చేతిలో దారపు ఉండ, ముందు నాలుగు మేకులు. ఏమీ చదవలేదు, ఊదలేదు. డబ్బా నిండా ముగ్గు పోసి గురవరాజు చేతికిచ్చాడు.

"నీ ప్లాను నేల మీద పొయ్యి. మొత్తం. ఎంతుందో అంతా."

"నేనా? ఇప్పుడా? మీరు పోస్తే బాగుంటుంది బాబా, మీ చెయ్యి..."

బాబా అప్పటికే దారం కొస పట్టుకుని నిలబడ్డాడు. నోరు మూసేశాడు. దారం పట్టేవాడికి నోరుండదు కదా.

ఇరవై రెండేళ్లు సంతకాలు పెట్టిన వేళ్లు ముగ్గు పోయడం మరిచిపోయాయి. మొదటి గీత పాము పాకినట్టు వచ్చింది. రెండోది పాము తాగి పాకినట్టు వచ్చింది. నడుము పట్టేసింది. అటు పొండి అంటే బాబా అటు పోయాడు, ఇటు అంటే ఇటు వచ్చాడు. ఇక్కడ ఫౌంటెనేమిటి అని గానీ, ఈ గోడ ఎందుకు అని గానీ ఒక్కసారీ అడగలేదు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి చేత అలా పరుగులు పెట్టించడం గురవరాజుకి కాస్త సిగ్గనిపించింది. ఫౌంటెను దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాడు.

పన్నెండింటికి పని పూర్తయింది. అతను మొండిగోడ ఎక్కి చూశాడు. ఎకరం నేల మీద తెల్లగా తన పార్కు. కాగితం మీద కంటే ఎంతో బాగుంది. కళ్లు చెమర్చాయి. ముగ్గు కళ్లలో పడి ఉండొచ్చు.

"ఎలా ఉంది బాబా?"

"సాయంత్రం దాకా కూచో. నోరెత్తకు."

అయిదింటికి పిల్లలు రావడం మొదలైంది. ముందు కబడ్డీ జట్టు వచ్చింది. దానికి బాజీ అనే కుర్రాడు నాయకుడు, పంతొమ్మిదేళ్లుంటాయి. మెకానిక్ షాపులో పని. అరుచుకుంటూ వచ్చినవాళ్లు జాగా అంచున టక్కున ఆగిపోయారు. కిందికి చూశారు.

వాకిట్లో అమ్మ వేసిన ముగ్గునే తొక్కనివ్వరు. పునాది ముగ్గయితే చెప్పనక్కర్లేదు. తొక్కితే ఆ ఇంటికి కీడని, ఏ ఇంట్లో ఏ దేవుడికి మొక్కేవాళ్లయినా ఆ పేటలో ప్రతి బిడ్డకీ ఉగ్గుపాలతోనే పట్టించి ఉంటారు. బాజీ ముందుకు వేసిన కాలు వెనక్కి తీసుకున్నాడు. "ఎవరో కొనేసినట్టున్నార్రా," అన్నాడు మెల్లిగా. అందరూ పోయి కాలవ గట్టున కూచున్నారు. ఒక్కడూ అరవలేదు.

ఆ వెనక ఆడపిల్లలు నలుగురు కుట్టుపని నేర్చుకుని సైకిళ్ల మీద వచ్చారు. రోజూ జాగాకి అడ్డంపడి పోయేవాళ్లు ఆవేళ సైకిళ్లు దిగి, నడిపించుకుంటూ, ఎకరం చుట్టూ మురిక్కాలవ పక్కగా తిరిగిపోయారు.

గురవరాజు బాబా చెవిలో గొణిగాడు. "చూశారా? మీ కళ్లతో చూశారు కదా? ఒక్కరైనా నోరెత్తారా?"

"చూశాను," అన్నాడు బాబా.

చుట్టు తిరిగిపోయిన నలుగురిలో ఒక పిల్ల సైకిలు స్టాండేసి వెనక్కి వచ్చింది. ఎస్తేరు అంటారు. కిందటేడే ఇంటరయింది.

"తాతా, ఎవరిదిది? ఇంత పెద్ద ఇల్లు?"

బాబా గడ్డంతో గురవరాజు వైపు చూపించాడు.

"ఇల్లు కాదమ్మా," గురవరాజు లేచి నిలబడ్డాడు. "పార్కు. మీదే."

"మాదా?" ఆ పిల్ల గీతల వైపు చూసింది. "ఈ గుండ్రందేంటి సార్?"

"ఫౌంటెను."

"ఇది?"

"గులాబీ తోట."

"చుట్టూతా ఇది?"

"గోడ. ఏడడుగులు. గట్టి గోడ."

"మరి మేమెక్కడ?"

గురవరాజు వేలు చూపించాడు. "నడకదారి ఉంది కదమ్మా."

"అది గుండ్రంగా తిరిగి మళ్లీ మొదటికే వస్తోంది కదా సార్. మేం ఇంటికి పోవాలి."

కాలవ గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. గురవరాజు వేలు నడకదారి వెంట గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చింది.

బాబా లేచాడు. చీపురు తీసుకుని ఫౌంటెను దగ్గరికి నడిచి, నేరుగా దాని మధ్యలో కాలు పెట్టి, ఊడవడం మొదలెట్టాడు.

"బాబా! అయ్యో బాబా! తెల్లారగట్నుంచి నడుం విరగ్గొట్టుకుని..."

తెల్లటి దుమ్ము లేచింది. ఫౌంటెను పోయింది. గులాబీలు సగం పోయాయి. గట్టు మీది కుర్రాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. కీడేదైనా ఉంటే ముందు తొక్కినవాడిది. ఆ తొక్కినవాడు బాబా. ఇంకేముంది, ఏడుగురూ ఒక్క గెంతున దిగి కాళ్లతో చెరపడం మొదలెట్టారు. ఏడడుగుల గోడ మీద బాజీ ఒంటికాలితో గెంతుకుంటూ పోయాడు. ఎకరమంతా అరుపులు. పది నిమిషాల్లో గురవరాజు పార్కు వాళ్ల మోకాళ్ల మీద తెల్లగా మిగిలింది.

బాబా ముగ్గుడబ్బా తెచ్చి ఎస్తేరు చేతిలో పెట్టాడు. దారం కొస తెచ్చి గురవరాజు చేతిలో పెట్టాడు.

"నేనా?" అన్నాడు గురవరాజు.

"రెండేళ్లు నేర్పించాను. మర్చిపోయావా?"

"నేనెక్కడ పొయ్యాలి తాతా?" అంది ఎస్తేరు.

"నాకేం తెలుసమ్మా? ఇక్కడ కబడ్డీ ఆడేది నేనా, సైకిలు తొక్కేది నేనా?" అని బాబా పోయి మొండిగోడ నీడన కూచున్నాడు.

ఎస్తేరు దారం రెండో కొస ఒక మేకుకి కట్టి, "సార్, మీరు ఆ దీపస్తంభం దాకా పొండి," అంది. గురవరాజు పోయాడు. "ఇంకొంచెం ఎడమకి." జరిగాడు. ఆ పిల్ల దారం వెంట ముగ్గు పోసుకుంటూ వచ్చింది. రోజూ ఇంటి ముందు పోసే చెయ్యి, గీత ఎక్కడా వంకర పోలేదు. బస్సు దిగే చోటు నుంచి పేట దాకా, జాగాకి అడ్డంగా, తిన్నటి దారి.

"ఏయ్ ఎస్తేరూ!" బాజీ అరిచాడు. "నా కోర్టు నడిమధ్య నుంచి పోతావేంటే?"

"నీ కోర్టా? మీ తాత రాసిచ్చాడా?"

"గోడ పక్కనుంచి పోతే కాళ్లరిగిపోతాయా?"

"ఆ మొండిగోడ పక్కనుంచా? చీకటిపడ్డాక అక్కడ ఎవరు చేరతారో నీకు తెలీదా? నీకేం, నువ్వు మొగోడివి."

బాజీ పాదంతో గీతని సగం చెరిపాడు. ఎస్తేరు మళ్లీ పోసింది. బాజీ మళ్లీ కాలెత్తాడు. మిగతావాళ్లు రెండు పక్షాలయ్యారు. గురవరాజుకి చేతులు దురద పెట్టాయి. ఇలాంటివి తీర్చడానికే కదా తన ఉద్యోగం.

"అలా కాదమ్మా, రూల్ ప్రకారం చూస్తే నడకదారికీ ఆటస్థలానికీ మధ్య..."

"రాజూ," అన్నాడు గోడ నీడలోంచి బాబా. "దారం వదులైంది."

గురవరాజు చూసుకున్నాడు. నిజమే, దారం నేల మీద పడి ఉంది. గబుక్కున లాగి పట్టుకున్నాడు. నోరు దానంతటదే మూసుకుంది.

బాజీ ఎత్తిన కాలు ఎక్కడ దించాలో తెలియక మెడ గోక్కున్నాడు. మొండిగోడ వైపు ఒకసారి చూశాడు.

"సరే లేవే. కోర్టు అటు జరుపుతాం. ఎలాగూ సాయంత్రం ఎండ మా కళ్లలోనే కొడుతోంది. ఈసారి ఉత్తరం దక్షిణం వేద్దాం. సార్, ఇటు రండి. దారం పట్రండి."

సార్ దారం పట్టుకుని పోయాడు. ఎండ ఎటు కొడుతుందన్న ఆలోచన తన ప్లానులో ఎక్కడైనా ఉందా అని దారి పొడుగునా వెతుక్కున్నాడు. ఉన్న బెంచీలన్నీ పడమటికే మొహం పెట్టుకుని ఉన్నట్టు గుర్తొచ్చింది.

కోర్టయింది. సైకిళ్లకి చోటయింది. "రాజుగారి జైల్లో ఆ కొంగ..." అని ఒకడు మొదలెట్టి నాలిక్కరుచుకున్నాడు. "అదే సార్, పాత పార్కులో ముక్కు విరిగిన కొంగ ఉంది కదా. దాన్ని ఇక్కడికి తెప్పించండి సార్."

గురవరాజు గుండె పొంగింది. తను చేయించినదాంట్లో ఒక్కటైనా వీళ్లకి నచ్చింది.

"దాని కాలికి గొలుసేసి సైకిళ్లకి తాళం పెట్టుకుంటాం," అన్నాడు వాడు.

పొద్దుగూకుతుంటే వీధిదీపం వెలిగింది. బాజీ దాని కిందికి పోయి నిలబడ్డాడు. "ఇక్కడొక అరుగు కావాలి."

"అరుగెందు..." గురవరాజు అనబోయి, గోడ వైపు చూసి, దారం బిగించాడు.

"అరుగెందుకురా?" ఎస్తేరే అడిగింది.

"చదువుకోడానికి."

అందరూ గొల్లుమన్నారు. "నువ్వా! చదువా!"

"ఐటీఐ తప్పింది కదా, మళ్లీ ఫీజు కట్టాను," అన్నాడు బాజీ నేల చూస్తూ. "ఇంట్లో ఒకటే గది. టీవీ ఉంది, మా నాన్న ఉన్నాడు. రెంటికీ స్విచ్చు నా చేతిలో లేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తొమ్మిదో తరగతి పిల్లాడొకడు, సదస్సులో సమోసా అడిగినవాడే, ముందుకొచ్చి, "నాక్కూడా అన్నా," అన్నాడు. ఇంకో పిల్ల చెయ్యెత్తింది. ఎస్తేరు ముగ్గు తీసుకుంది. "సార్, వెనక్కి పొండి. ఇంకా పొండి. నలుగురు కూచోవాలి. ఇంకా సార్, ఎనిమిది మంది." గురవరాజు వెనక్కి వెనక్కి నడుస్తూనే ఉన్నాడు. అరుగు ముప్ఫై అడుగులైంది.

తన ప్లానులో ఆ చోట 'దీపస్తంభం తొలగించవలెను' అని ఉంది. ఫౌంటెను అందానికి అడ్డమని అతనే రాశాడు.

అంతా పోశాక గురవరాజు ఎకరం చుట్టూ చూశాడు. ఒక్కటి తక్కువైంది. ఉండబట్టలేకపోయాడు.

"గోడ మర్చిపోయారమ్మా."

"రాజూ, దారం," అన్నాడు బాబా.

ఎస్తేరు మాత్రం జవాబిచ్చింది. "గోడొద్దు సార్. వీధిలో కూచున్న మా మామ్మకి నేనిక్కడ కనపడాలి. కనపడితేనే మా అమ్మ పంపిస్తుంది."

మర్నాడు తొమ్మిదింటికి కమిషనరమ్మ వస్తుందని గురవరాజు చెప్పాక, మేకలు రాకుండా అంచుల్లో తుమ్మకంపలు పరిచి పిల్లలు ఇళ్లకి పోయారు.

సోమవారం తొమ్మిదింటికి జీపు వచ్చింది. పేట పిల్లలు ముప్ఫై మంది దాకా అప్పటికే ఉన్నారు. కాలేజీకి పోయేవాళ్లు పుస్తకాలతో, పనికి పోయేవాళ్లు టిఫిను డబ్బాలతో. తుమ్మకంపల్ని లెక్కచెయ్యని మేక ఒకటి అరుగు మూల చెరిపేసి పోతే, ఎస్తేరు దారం కొస వేలికి చుట్టుకుని దాన్ని సరిచేస్తోంది. గురవరాజు అటు కొస పట్టుకుని ఉన్నాడు. బాబా గోడ నీడలో కళ్లు మూసుకుని కూచున్నాడు.

కమిషనరమ్మ రెండు ఫైళ్లు చేత్తో పట్టుకుని చకచకా వచ్చి, మొదటి తెల్లగీత దగ్గర ఆగిపోయింది. కిందికి చూసింది. చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎటు పోవాలా అని అటూ ఇటూ చూస్తుంటే, ఎవరో చిన్న గొంతుతో, "దారి అటుంది మేడమ్," అన్నారు. ఆవిడ గీత తొక్కకుండా చుట్టు తిరిగి, ఎస్తేరు దారి వెంట నడిచి వచ్చింది.

పార్కు ఫైలు తెరిచి, అందులోని ప్లాను చూసింది. నేల చూసింది. మళ్లీ ప్లాను చూసింది.

"ఇక్కడ ఫౌంటెను ఉండాలి కదా. ఈ పొడుగాటిదేంటి?"

ఎవరినీ పేరు పెట్టి అడగలేదు. పిల్లలంతా తలలు వంచుకున్నారు. ఎస్తేరు ముగ్గుడబ్బా వెనక దాక్కున్నట్టు నిలబడింది. బాజీ కాలి బొటనవేలితో నేల రాస్తున్నాడు. బుధవారం నాటి హాలు మళ్లీ దిగొచ్చింది, ఫ్యాను ఒక్కటే తక్కువ.

ఆవిడ చెయ్యి లారీల ఫైలు మీదికి జరిగింది.

గురవరాజు నాలిక చివర పది వాక్యాలున్నాయి. పదీ మంచివే. ఆవిడ చెప్పొద్దన్న సంగతి గుర్తుంది, అయినా ఒక్క మాట జారితే ఏం పోయిందనిపించింది. గోడ వైపు చూశాడు. బాబా కళ్లు తెరవలేదు.

గురవరాజు చేతిలో ఉన్న దారాన్ని లాగి బిగించాడు. అంతే.

అటు కొస పట్టుకున్న ఎస్తేరు వేళ్లు కదిలాయి. ఆ పిల్ల ఉలిక్కిపడి తలెత్తింది.

"అది అరుగు మేడమ్."

"అరుగా? ఎందుకు?"

ఎస్తేరు బాజీ వైపు చూసింది. బాజీ గొంతు సవరించుకున్నాడు. "చదువుకోడానికి మేడమ్. ఇంట్లో..." అని మొదలెట్టాడు. వాళ్ల నాన్న స్విచ్చు సంగతి దగ్గరికొచ్చేసరికి ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వుతో కట్ట తెగింది. దారి తిన్నగా ఎందుకుందో ఒకళ్లు, ఎండ ఎటు కొడుతుందో ఇంకొకళ్లు, గోడ ఎందుకొద్దో నలుగురు ఒకేసారి, కొంగ కాలు సంగతి ఆ తొమ్మిదో తరగతి వాడు. ఆవిడ ఒకరి మాట వింటుంటే ఇంకొకరు చెయ్యి పట్టుకుని లాగుతున్నారు. కాలేజీ బస్సు వచ్చి హారను కొట్టి వెళ్లిపోయింది. ఎవరూ కదల్లేదు.

చాలాసేపటికి ఆవిడ లారీల ఫైలు డ్రైవరు చేతికిచ్చి, "ఇది జీపులో పడెయ్యి," అంది. రెండో ఫైల్లో గురవరాజు ప్లాను మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత కొట్టింది. గీత చాలా తిన్నగా వచ్చింది.

"ఈ నేల మీద ఉన్నదే కొలిచి, కాగితం మీద వేయించి పంపండి," అని, అతన్ని ఎగాదిగా చూసింది. మోచేతుల దాకా ముగ్గు, చేతిలో దారం. "వీళ్లింత మాట్లాడుతున్నారు. మీరేంటి సూపర్‌వైజరు గారూ, ఒక్క ముక్కా మాట్లాడరు?"

గోడ నీడలో బాబా ఒక కన్ను తెరిచాడు.

గురవరాజు దారాన్ని ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు.